ఏడో వాషర్

నా చిన్నప్పుడు మా ఇంట్లో నాకు రెండు పేర్లుండేవి. ఒకటి బడి హాజరు పట్టీలోది, రెండోది "ఎందుకు పిల్ల". ఆ రెండో పేరు మా నాయనమ్మ పెట్టింది. నల్లా నీళ్లు తెల్లవారకముందే ఎందుకొస్తాయి, పాలవాడు మనింటి ముందే రెండుసార్లు గంట ఎందుకు కొడతాడు, బియ్యంలో రాళ్లుంటాయి కానీ రాళ్లలో బియ్యం ఎందుకుండవు, ఇలా లేచింది మొదలు పడుకునేదాకా ఇంట్లో అందర్నీ వేపుకు తినేదాన్ని. జవాబు చెప్పే ఓపిక ఎవరికీ ఉండేది కాదు. నాన్నకు ఆఫీసు, అమ్మకు వంటిల్లు. మిగిలింది మా తాతయ్య. ఆయన ఎప్పుడూ పేపరు వెనక ఉండేవారు. ఆ పేపరు ఎప్పుడైనా కిందికి దిగి ఆయన కళ్లు నా వైపు చూశాయంటే, ఆ రోజు నాకు పండగ.

చిక్కడపల్లిలో గ్రంథాలయం వెనక సందులో ఉండేది మా ఇల్లు. తాతయ్య బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఊరికే కూర్చోలేక, ఇంట్లో ఎవరెంత చెప్పినా వినకుండా ఒక పాత డీజిల్ లారీ కొన్నారు. ముక్కు ముందుకు పొడుచుకొచ్చిన రకం, ఇప్పుడవి రోడ్ల మీద కనిపించవు. ఆయనకు బండి నడపడం రాదు. ఇంజన్ సంగతి అంతకన్నా తెలియదు. అయినా జీవితమంతా పిల్లల తప్పులు పట్టుకున్న మనిషి కాబట్టి లారీ తప్పులు కూడా తన దగ్గర దాగవని ధీమాగా ఉండేవారు. ఆ లారీ తాండూరు వెళ్లి షాబాదు బండలు తెచ్చేది. అప్పట్లో అశోక్ నగర్‌లో, విద్యానగర్‌లో కొత్త ఇళ్లు లేస్తున్నాయి, అందరికీ ఆ బండలే కావాలి. ఇప్పటికీ ఈ పేటల్లో ఏదైనా పాత ఇంటికి వెళ్లి, చెప్పులు విడిచి ఆ చల్లటి బూడిదరంగు బండ మీద కాలు పెడితే, ఇది మా లారీలో వచ్చిందేమో అనుకుంటాను.

లారీ నడిపే ఆయన్ని నేను డ్రైవరన్న అనేదాన్ని. పాలమూరు వైపు నుంచి వచ్చి కవాడిగూడ బస్తీలో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవాడు. మాట నెమ్మది. నన్ను బిడ్డా అని పిలిచేవాడు. అసలు సంగతి ఏమిటంటే, నా ప్రశ్నలకు విసుక్కోకుండా జవాబు చెప్పే మనిషి మా పేట మొత్తానికి ఆయనొక్కడే. లారీ మా సందు మొదట్లో ఆగిందంటే నేను పరుగెత్తేదాన్ని. ఎక్కుడులో లారీ ఎందుకు మూలుగుతుంది, బండలను పడుకోబెట్టకుండా నిలబెట్టి ఎందుకు తెస్తారు, అన్నీ ఆయనే చెప్పాడు. తెలియనిది ఉంటే తెలియదనేవాడు. అలా అనే పెద్దమనిషిని కూడా నేను అదే మొదలు చూడటం.

అలాంటి మనిషి మీద నేను ఒక మాట అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు లారీకి వచ్చిన జబ్బు చెప్పాలి.

ఆ ఎండాకాలం లారీ నల్లటి పొగ కక్కడం మొదలుపెట్టింది. మా సందులో ఆరేసిన బట్టల మీద మసి పడుతోందని ఇరుగుపొరుగు గొణుగుతున్నారు. తిరుగుదారిలో వికారాబాదు రాకముందే అనంతగిరి ఎక్కుడులో లోడు లాగలేక ఉసూరుమంటోందని డ్రైవరన్న వచ్చి చెప్పాడు. అంతకన్నా తాతయ్యను బాధపెట్టింది డీజిల్. ఆయన దగ్గర ఒక వెదురు పుల్ల ఉండేది. దాని మీద చాకుతో గాట్లు పెట్టుకుని, లారీ వెళ్లేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి టాంకీలో ముంచి చూసేవారు. అదే దారి, అదే లోడు, అయినా వచ్చాక చూస్తే పుల్ల మునుపటికన్నా ఒక గాటు తక్కువ తడుస్తోంది. ఇంజన్‌లో ఏదో ఉందని డ్రైవరన్న అంటున్నాడు. కానీ రెండు నెలల కిందటే అశోక్ నగర్‌లో పేరున్న నాజిల్ మిస్త్రీ దగ్గర ఇంజెక్టర్లు విప్పి బాగుచేయించాం. డీజిల్‌ను ఇంజన్‌లోకి పిచికారీ కొట్టేవి ఆ ఇంజెక్టర్లే. ఆయన చేతి పని మళ్లీ వెనక్కి రాదని పేరు. కాబట్టి తాతయ్య లెక్కలో జవాబులు రెండే మిగిలాయి. ఇంజన్ తాగుతూ ఉండాలి, లేదా మనిషి తీస్తూ ఉండాలి. ఇంజన్ కాదు.

ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని నాయనమ్మతో ఈ సంగతే అంటున్నారు. నేను పక్కనే గచ్చకాయలు ఆడుకుంటున్నాను. ముందురోజు డ్రైవరన్న లారీలోంచి ఒక రేకు డబ్బా తీసుకుని కవాడిగూడ వైపు నడిచి వెళ్లడం నేను చూశాను. ఆ మాట ఊరికే అన్నాను. పేపరు కిందికి దిగింది. తాతయ్య కళ్లద్దాలు తీసి, నన్ను దగ్గరకు పిలిచి, పెద్దవాళ్లను అడిగినట్టు నిదానంగా అడిగారు.

"డీజిల్ వాసనొచ్చిందా?"

నాకు ఏ వాసనా రాలేదు. ఆ రోజు నేను మా గుమ్మంలో ఉన్నాను, డ్రైవరన్న సందు మలుపులో ఉన్నాడు. కానీ ఆ ఇంట్లో అంతవరకు నన్నెవరూ ఒక ప్రశ్న అడిగి జవాబు కోసం ఎదురుచూడలేదు. వచ్చింది అన్నాను. అనగానే తాతయ్య నా తల నిమిరారు. ఆ నిమరడం నాకు ఎంత బాగుందంటే, ఏమన్నానో ఆలోచించింది రాత్రి పక్క మీద పడుకున్నాకే.

మర్నాడు పొద్దున తాతయ్య లారీని మిస్త్రీ షెడ్డుకు తెమ్మన్నారు. ఇంజన్ బాగుందని మిస్త్రీ నోటితో చెప్పించి, ఆ తర్వాత డ్రైవరన్నను పంపించేయాలని ఆయన ఉద్దేశం. లెక్కలు చెప్పినవారు కదా, రుజువు లేకుండా మనిషిని మానిపించరు. బడికి సెలవులు కాబట్టి నేనూ వస్తానని మారాం చేశాను. ఇంజన్ లోపల ఏముంటుందో చూడాలన్నాను. అది నిజమే. కానీ ఆ ఇంజన్‌లో ఏదో ఒక రోగం ఉంటే బాగుండు, ఉంటే బాగుండు అని దారంతా నడుస్తూ దండం పెట్టుకున్నాను.

అశోక్ నగర్‌లో మురుగునీళ్లు పారే నాలా పక్కన రేకుల షెడ్డు. ఒక మూల అద్దాలు బిగించిన చిన్న గది. మిస్త్రీ గారికి మా తాతయ్య వయసే ఉంటుంది. నన్ను ముందుగా ఆశ్చర్యపరిచింది ఆయన చొక్కా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నూనెలో చేతులు పెట్టే మనిషి తెల్లచొక్కా వేసుకున్నారు, దాని మీద ఒక్క మరక లేదు. ఎందుకని అడిగాను. నాజిల్ అంటే ఇంజెక్టర్ ముక్కు, దాని బెజ్జం సూదిమొనంత సన్నమట, అందులో ఒక్క ధూళి నలక పడితే పని చెడుతుందట. చొక్కా మీద మరక పడనివ్వనివాడు నాజిల్‌లో నలక పడనివ్వడని ఆయన లెక్క. ప్రశ్నకు జవాబు చెప్పే పెద్దమనిషి ఇంకొకరు దొరికారని నాకు ఆయన అప్పుడే నచ్చారు.

లారీ బానెట్ రెక్కలు రెండు పక్కలా ఎత్తి కట్టారు. లోపల ఆరు ఇంజెక్టర్లు వరసగా నిలబడి ఉన్నాయి, ఒక్కోదానికి ఒక్కో సన్నటి ఇనుప గొట్టం. నేను సరిగ్గా చూడాలని మిస్త్రీ గారు ఒక చెక్కపెట్టె బోర్లించి దాని మీద నిలబెట్టారు. ఇంజన్ నడుస్తుండగానే ఆయన పానా తీసుకుని మొదటి గొట్టం నట్టు కొంచెం వదులు చేశారు. డీజిల్ బుడబుడమని బయటకు కారింది, ఇంజన్ వణికి, దాని చప్పుడు కుంటింది. నట్టు బిగించగానే మళ్లీ మామూలైంది. బాగున్నదాన్ని ఎందుకు పాడు చేస్తున్నారని అరిచి అడిగాను. ఆయన నా వైపు వంగి చెప్పిన మాట నాకు ఇప్పటికీ అక్షరం పోకుండా గుర్తుంది.

"ఆరుగురు బండి లాగుతున్నరనుకో బిడ్డా. ఒకన్ని పక్కకు పిలిస్తే బండి జర ఆగుతది. పిలిచినా బండి అట్లనే పోతుంటే, వాడు లాగుతలేడన్నట్టు."

రెండో నట్టు వదులు చేశారు. ఇంజన్ కుంటింది. మూడోది వదులు చేశారు. ఏమీ కాలేదు. డీజిల్ కారుతూనే ఉంది, ఇంజన్ మాత్రం అంతకుముందు ఎలా ఉందో అలాగే ఉంది. మిస్త్రీ గారు బిగించి, మళ్లీ వదులు చేసి చూశారు. అంతే. మిగతా మూడూ చక్కగా పలికాయి. మూడోది ఒక్కటే పలకలేదు. మడ్‌గార్డు పక్కన నిలబడిన డ్రైవరన్న పొద్దున్నుంచి బిగబట్టిన ఊపిరి వదిలాడు. నేనూ వదిలాను.

ఇంజన్ చల్లారాక ఆరు ఇంజెక్టర్లూ విప్పారు. ఒక్కోదాని ముక్కుకు అంటుకుని ఒక్కో రాగి వాషర్ వచ్చింది. నా ఉంగరపు వేలికి సరిపోయేంత చిన్నవి. ఇంజెక్టర్ దాని గుంటలో కూర్చునేచోట గాలి బయటకు పోకుండా అడ్డం ఉండేవట అవి. ఆయన ఇంజెక్టర్లను పళ్లెంలో వరసగా పెట్టి, వాషర్లు లెక్కపెట్టే పని నాకు అప్పగించారు. ఆరు ఇంజెక్టర్లు, ఆరు వాషర్లు. సరిపోయిందన్నాను.

తర్వాత అద్దాల గదిలో ఇంకో పరీక్ష. ఒక చేతిపంపు లాంటిది, దానికో ముల్లున్న గడియారం. ఇంజెక్టర్‌ను దానికి బిగించి పిడి కిందికి నొక్కితే ముల్లు పైకెక్కి, ఒక్కసారిగా కిర్రుమని చప్పుడై ముక్కులోంచి పొగమంచులాగా డీజిల్ చిమ్మింది. అంత అందంగా ఉంటుందని నేను అనుకోలేదు. వేలు పెట్టి చూడబోయాను. మిస్త్రీ గారు నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు. చూడ్డానికి మంచే కానీ చర్మాన్ని చీల్చుకుని రక్తంలోకి పోతుందట, చెయ్యే తీసేయాల్సి వస్తుందట. నేను రెండు చేతులూ వెనక్కి కట్టుకుని చూశాను. ఒకటి, రెండు, అందమైన పిచికారీ. మూడోది ధారగా కారుతుందని, చుక్కలు పడతాయని ముగ్గురం మెడలు చాచి ఎదురుచూశాం. అది కూడా కిర్రుమంది, అన్నిటిలాగానే మంచు చిమ్మింది. మళ్లీ కొట్టారు. మళ్లీ అంతే. మిగిలిన మూడూ అంతే.

మూడోది ఎందుకు పలకలేదని ఆగకుండా, తనకు కావలసిన రుజువు దొరికిందనుకున్నారు తాతయ్య. ఇంజెక్టర్లు ఆరూ బాగున్నాయి. ఆయన గొంతు పెంచలేదు, ఎన్నడూ పెంచరు. తాళంచెవి అక్కడ పెట్టి వెళ్లమని డ్రైవరన్నకు చెప్పారు, ఎందుకో నీకు తెలుసు అని మాత్రం అన్నారు. డ్రైవరన్న "నేను తీయలే సార్" అన్నాడు. ఒక్కసారే అన్నాడు. తాళంచెవి మడ్‌గార్డు మీద పెట్టి, వెళ్లి నాలా గోడ దగ్గర నిలబడ్డాడు. ఆయన అన్నం గిన్నె ఇంకా లారీ క్యాబిన్‌లోనే ఉంది, దాని కోసం ఆగాడేమో.  చెప్పేయాలని నోటిదాకా వచ్చింది, తాతయ్య నా తల నిమరడం గుర్తొచ్చి మింగేశాను.

కానీ మిస్త్రీ గారికి మనసొప్పలేదు. నాజిల్ మంచిగా ఉంటే మూడోది ఎందుకు పలకలేదు? ఆయనకూ నాలాగా "ఎందుకు" జబ్బు ఉంది. కొత్త వాషర్లు తొడిగి, మూడో ఇంజెక్టర్‌ను అయిదో గుంటలో, అయిదోదాన్ని మూడో గుంటలో పెట్టి బిగించారు. రోగం ఇంజెక్టర్‌తో పాటు నడిచి వెళితే ఇంజెక్టర్‌దే, అక్కడే ఉంటే ఆ జాగాది. అంత సులువైన ఉపాయానికి నేను పెట్టె మీదనే ఎగిరాను. అయితే ఆ ముసలి లారీని స్టార్ట్ చేయడం ఎవరివల్లా కాదు, దాని కిటుకు డ్రైవరన్నకొక్కడికే తెలుసు. మిస్త్రీ గారు కేకేశారు. పని పోయిన మనిషి మారుమాట్లాడకుండా వచ్చి, తాళంచెవి తీసుకుని, క్యాబిన్ ఎక్కి లారీని లేపి, దిగి, తాళంచెవిని మళ్లీ ఎక్కడిదక్కడ పెట్టి గోడ దగ్గరకు వెళ్లిపోయాడు.

అయిదో గుంట పలికింది. మూడో గుంట పలకలేదు. రోగం ఆ గుంటలోనే ఉంది. ఇంజన్ మొత్తం విప్పాలా అని తాతయ్య విసుగ్గా అడిగి, జవాబు వినకుండానే రోడ్డు వైపు తిరిగి నిలబడ్డారు. మిస్త్రీ గారు ఇంజన్ ఆపి, మూడో గుంటలోని ఇంజెక్టర్‌ను మళ్లీ విప్పారు. దాని వాషర్ దానికే అంటుకుని వచ్చింది. టార్చి వేసి గుంటలోకి చాలాసేపు చూశారు. తర్వాత కొన వంచిన ఒక తీగ ముక్క లోపలికి దింపి, నాయనమ్మ నా చెవిలో గుబిలి తీసినంత జాగ్రత్తగా కెలికారు. టిక్కుమని చిన్న చప్పుడైంది. తీగ పైకి వచ్చింది. దాని కొనకు మసిపట్టిన ఒక చిన్న చక్రం వేలాడుతోంది.

ఇంకో వాషర్. ఆరు ఇంజెక్టర్లకు ఏడో వాషర్.

అది ఆయన అరచేతిలో పడింది. పిడికిలి మూసుకుంది. తాతయ్య రోడ్డు వైపు చూస్తున్నారు, డ్రైవరన్న నాలా వైపు చూస్తున్నాడు. ఇంజన్‌కు అవతలి పక్క పెట్టె మీద నిలబడ్డ నేనొక్కదాన్నే చూశాను. నేను చూశానని ఆయనకు తెలియదు. నాకు అప్పుడు పూర్తిగా అర్థం కాలేదు గానీ, ఆయన మొహం చూస్తే అది ఉండకూడని చోట దొరికిందని తెలిసిపోయింది. ఆ పిడికిలి మెల్లగా పైకి వెళ్లి చొక్కా జేబు మీద ఆగింది. పొద్దున్నుంచి మల్లెపువ్వులా ఉన్న ఆ తెల్లచొక్కా మీద నల్లటి మరక పడింది. ఆయన తల వంచి ఆ మరకను చూసుకున్నారు. తర్వాత నాలా గోడ దగ్గర ఉన్న మనిషి వీపును చూశారు. ఎంతసేపని అడిగితే చెప్పలేను. నాకు మాత్రం చాలాసేపు అనిపించింది. అప్పటికే ఇంకో రెండు లారీల వాళ్లు తమ వంతు కోసం షెడ్డులో కూర్చుని ఉన్నారు.

"సార్, జర ఇటు రాండ్రి," అన్నారు.  డ్రైవరన్నను కూడా పిలిచారు. ఇద్దరూ వచ్చాక పిడికిలి తెరిచారు.

"ఇది నా చేతి తప్పు. ఈయన తప్పు గాదు. రెండు నెల్ల కింద పాత వాషర్ గుంటల అతుక్కొని ఉండిపోయింది. నేను చూస్కోలే. దాని మీదనే కొత్తది పెట్టి బిగించిన."

తర్వాత ఓపిగ్గా విడమరిచి చెప్పారు. రెండు వాషర్లు ఒకదాని మీద ఒకటి పడేసరికి ఇంజెక్టర్ గోరంత మందం పైకి లేచి కూర్చుంది. నాజిల్ మంచిదే, పిచికారీ మంచిదే, కానీ పడాల్సిన చోట పడలేదు. సరిగ్గా మండని డీజిల్ నల్లపొగై పోయింది. మిగతా అయిదూ దాన్ని ఈడ్చుకుంటూ తిరిగాయి, అందుకే అంత తాగాయి. విప్పినప్పుడల్లా పై వాషర్ ఇంజెక్టర్‌తో వచ్చేస్తోంది కాబట్టి ఆరింటికి ఆరు లెక్క కుదిరింది. కుదిరింది కాబట్టే గుంటలోకి ఎవరమూ చూడలేదని ఆయన అన్నప్పుడు, లెక్కల మాస్టారైన మా తాతయ్య మొహం చూడాలి. కూర్చున్న లారీల వాళ్లు కూడా లేచి వచ్చి విన్నారు. ఇన్నేళ్లుగా ఆయన చేతి పని వెనక్కి రాదని చెప్పుకున్నవాళ్లే వాళ్లు.

గుంట తుడిచి, ఒక్కటే వాషర్‌తో ఇంజెక్టర్ దింపి బిగించారు. డ్రైవరన్న లారీని లేపి, తాళంచెవి మళ్లీ మడ్‌గార్డు మీదే పెట్టాడు. మూడో నట్టు వదులు చేయగానే ఇంజన్ కుంటింది. ఇంజన్ కుంటినందుకు అంత సంతోషం నాకు మళ్లీ ఎప్పుడూ కలగలేదు. వెనక గొట్టంలోంచి వచ్చే పొగ కూడా పలచబడింది.

అంతటితో అయిపోయిందనుకున్నాను. కానీ తాతయ్య లెక్కలో ఇంకో అంకె మిగిలే ఉంది. వాషర్ సంగతి సరే, మరి ఆ డబ్బా ఏమిటి అని డ్రైవరన్నను అడిగారు. డీజిల్ వాసన వచ్చిన డబ్బా. డ్రైవరన్న ఏ డబ్బా అన్నట్టు చూశాడు. ఆ వాసన మాట అబద్ధమని తెలిసినదాన్ని అక్కడ నేనొక్కదాన్నే. మిస్త్రీ గారు చెయ్యి తుడుచుకుంటున్నారు. ఆయన జేబు మీద ఆ మరక అలాగే ఉంది. దాన్ని చూస్తూ పెట్టె మీద నుంచి దిగాను.

"వాసన రాలేదు తాతయ్యా. నేను దూరం నుంచి చూసిన. ఊరికే అన్న."

 ఏడుపు వచ్చింది కానీ ఏడిస్తే ఎవరైనా దగ్గరకు తీసుకుంటారని, అది ఇంకా సిగ్గని ఎందుకో తోచి బిగబట్టుకున్నాను. డ్రైవరన్న నా వైపు చూడలేదు. తాతయ్య వైపే చూసి చెప్పాడు.

"అవి నీళ్లు సార్. మీ సందు మూలకున్న నల్లా నీళ్లు. మా బస్తీల వారం సంది నల్లా వస్తలేదు. అడిగితే చెప్తుంటి గద."

 తాతయ్య మడ్‌గార్డు మీదున్న తాళంచెవి తీసి, కండువాతో తుడిచి, రెండు చేతులతో డ్రైవరన్నకు అందించి, "తప్పయింది" అన్నారు. జీవితమంతా ఎదుటివాళ్ల తప్పులకు ఎర్రసిరా గీతలు పెట్టిన మనిషి నోట ఆ మాట నేను అదే మొదటిసారి వినడం. డ్రైవరన్న వెంటనే చెయ్యి చాపలేదు. చేతులకున్న నూనె తుడుచుకున్నాకే తీసుకున్నాడు. తాండూరుకు రేపే బయలుదేరాలా అని మాత్రం అడిగాడు.

బయలుదేరే ముందు నేను ఆ ఏడో వాషర్ కావాలని మిస్త్రీ గారిని అడిగాను. ఎందుకని ఈసారి ఆయనే అడిగారు. నేను చెయ్యి చాపి నిలబడ్డాను. ఆయన దాన్ని పట్టకారుతో పట్టి మంట మీద ఎర్రగా కాల్చి నీళ్లలో వేశారు. ఇనుమును అలా చేస్తే గట్టిపడుతుంది, రాగి మాత్రం మెత్తబడుతుందని చెప్పారు. మసి పోయి మెరుస్తున్న వాషర్‌ను నా చేతిలో పెట్టారు.

ఇంటికి లారీలోనే వచ్చాం. నేను మధ్యలో కూర్చున్నాను. తాతయ్య తిడతారని, నాన్నకు చెబుతారని భయపడ్డాను.  మా సందు మలుపు దగ్గర తాతయ్య నాతోనో తనతోనో అన్నట్టు, జవాబు తానే లోపల పెట్టి ప్రశ్న అడిగానని, బడిలో పిల్లల్ని అలా అడగకూడదని తోటి మాస్టర్లకు తానే చెప్పేవాణ్నని అన్నారు. నన్ను కాపాడటానికి అన్నారని అప్పుడు అనుకున్నాను. కాదు, ఆ తప్పులో ఆయన తన వాటా తాను తీసుకున్నారు. నా వాటా నాకు అలాగే ఉంది.

ఆ వాటా ఎంతో మర్నాటి నుంచి తెలిసొచ్చింది. డ్రైవరన్న పని మానలేదు. నన్ను చూసి మొహం తిప్పుకోనూ లేదు. కానీ బిడ్డా అనడం మానేశాడు. చిన్నమ్మగారూ అనేవాడు, ఎంతో మర్యాదగా. తిట్టినా ఇంత నొప్పి పుట్టేది కాదు. నేనూ ప్రశ్నలు మానేశాను. రోజూ తెల్లవారుజామున నల్లా రాగానే లేచి, మా బిందెలకన్నా ముందు ఆయన రేకు డబ్బా నింపి అరుగు మీద పెట్టేదాన్ని.  ఆయన తీసుకుపోయి, ఖాళీ డబ్బా సాయంత్రానికి అక్కడే పెట్టేవాడు. అలా ఎన్ని రోజులో. వానలు పడ్డాయి, వాళ్ల బస్తీలో నల్లా మళ్లీ వచ్చింది, అయినా డబ్బా రావడం ఆగలేదు, నేను నింపడం ఆపలేదు. ఒక రోజు నేను డబ్బా పెట్టి లోపలికి పోతుంటే వెనక నుంచి పిలుపు.

"ఏంది బిడ్డా, ఈ మధ్యన ఏమడుగుతలేవు?"

అప్పుడు ఏడ్చాను. షెడ్డులో దాచుకున్నదంతా ఆ అరుగు మీద ఏడ్చాను.

పెద్దయ్యాక నేను రక్తపరీక్షలు చేసే ల్యాబులో చేరాను. రిటైరయ్యేదాకా అదే పని. ఒక పొద్దున ఇద్దరి సీసాలకు పేర్లు తారుమారుగా అంటించాను. రిపోర్టులు వెళ్లిపోయాక, బల్ల సర్దుతుంటే కనిపెట్టాను. చూసినవాళ్లు ఎవరూ లేరు. లెక్కకు సీసాలు, రిపోర్టులు సరిపోయాయి. ఆ సీసాల్లో ఒకటి నా పిడికిట్లో ఉంది, చెత్తబుట్ట కాలి దగ్గరే ఉంది. నిజం చెప్పాలంటే చెయ్యి బుట్ట వైపే వెళ్లింది. తర్వాత వెళ్లి డాక్టరుగారి బల్ల ముందు పిడికిలి తెరిచాను. ఆ ఇద్దరినీ వెతికి పిలిపించి మళ్లీ రక్తం తీశాం. మాటలు పడ్డాను. ఆ రోజు ఇంటికి వచ్చి అన్నం బాగానే తిన్నాను.

ఆ రాగి వాషర్ ఇప్పటికీ నా తాళాల గుత్తికి ఉంది. మనవరాలు అదేమిటని అడిగితే ఈ కథ చెప్పాను. అంతా విని, అంత మంచి మిస్త్రీ ముందు పిడికిలి ఎందుకు మూశాడని అడిగింది. నాకు నవ్వొచ్చింది, ఈ ఇంట్లో ఇంకో "ఎందుకు పిల్ల" తయారైంది. భయమేసి మూశాడమ్మా అన్నాను. నా పిడికిలి కూడా ప్రతిసారీ ముందు మూసుకుంటూనే ఉంది. ఆ తెల్లచొక్కా మీది మరక గుర్తొచ్చాకే తెరుచుకుంటుంది.